వేడిని ఆపుట వేఱు, వేడికి ఓర్చుట వేఱు

గత సంవత్సరము మేము తొమ్మిదవ తరగతివారికి ఉష్ణప్రసారమును బోధించుచు ఏరోజెల్ అను పదార్థమును వర్ణించితిమి. అమెరికా దేశస్థుఁడగు శామ్యూల్ కిస్లర్ 1931వ సంవత్సరమున దీనిని లోకమునకుఁ దెలిపెను. జెల్లీవంటి ముద్దలోని ద్రవమును, లోపలి అల్లిక కూలకుండఁ దొలఁగించి, ఆ చోట గాలిని నిలుపుటయే ఇందలి కిటుకు. సిలికాతోఁ జేసిన ఏరోజెల్‌లో నూటికి 90 పాళ్లకు మించి గాలియే. అందలి రంధ్రములు మిక్కిలి సూక్ష్మములగుటచే గాలి అణువులు స్వేచ్ఛగాఁ దిరిగి వేడిని మోయఁజాలవు. కావుననే అది కదలని గాలికంటెను తక్కువ ఉష్ణమును ప్రసరింపఁజేయును.

అంతట ఒక బాలుఁడు లేచి, "మాష్టారుగారూ, అది ఎంత మంటకైనను ఓర్చునా?" అని యడిగెను. "ఓర్చును, కూర్చుండుము" అని తొందరపడి చెప్పితిమి. ఆ రాత్రి పుస్తకములు తిరగవేయఁగా మా మాట తప్పని తేలెను.

మరునాఁడు పాఠమునకు ముందే, "నిన్న మేము చెప్పినది తప్పు" అని తరగతియెదుట ఒప్పుకొంటిమి. ఉన్నికంబళి వేడిని ఆపును. నిప్పున బడినచో తానే మాడును. ఆపుట యొక గుణము, ఓర్చుట మఱియొకటి. సిలికా ఏరోజెల్ మాడదు గాని, సుమారు 600 డిగ్రీల సెంటీగ్రేడు దాటి వేడి పెరిగినకొలఁది దాని రేణువులు, ఆవములోని కుండమట్టివలె, ఒండొంటితోఁ గలిసి కుదించుకొనును. రంధ్రములు మూసికొనిపోవును. అదిగాక, అంతటి వేడిలో ఉష్ణము కిరణరూపమున సిలికాను చొచ్చిపోవును.

ఈ లోపములను దీర్చుటకే శాస్త్రజ్ఞులు పాటుపడుచున్నారు. కిరణముల నడ్డగించుటకు బొగ్గుమసిని గలిపిరి. తీవ్రమైన వేడికి గాలిలో ఆ మసియే కాలిపోవును గనుక, అట్టిచోట టైటానియం డయాక్సైడు పొడిని వాడిరి. సిలికాకు బదులు అల్యూమినాతోఁ జేసినచో ఇంకను అధికమైన వేడికి నిలుచునని కనుగొనిరి. 2019లో లాస్ ఏంజిలిస్‌నందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు, ఇతరులతోఁ గూడి, బోరాన్ నైట్రైడుతో నొక ఏరోజెల్‌ను జేసిరి. అది 900 డిగ్రీల వేడికిని, సున్నకు దిగువ 198 డిగ్రీల చలికిని పదేపదే వెంటవెంటనే మార్చినను చెడలేదు.

తప్పు నొప్పుకొన్నచో పిల్లలయెదుట చులకనయగుదుమని ఆ రాత్రి మాకు నిదురపట్టలేదు. కాని ఆ బాలుఁడు అప్పటినుండి మునుపటికంటె ఎక్కువ ప్రశ్నలే అడుగుచున్నాఁడు. తెలియనిచోట మేమును "రేపు చూచి చెప్పెదము" అనుట నేర్చుకొంటిమి. విద్యార్థులారా, ఉపాధ్యాయుఁడు కూర్చుండుమన్నను, సందియము తీరనిచో మరల లేచి యడుగుఁడు.