కేబినెట్‌తో పాటు వచ్చింది

ఇంజనీరింగ్‌లో చేరబోతున్న మా అక్క కొడుకు కంప్యూటర్ కోసం ఒక లిస్టు పంపించాడు. భాగాలన్నీ విడివిడిగా కొని తనే బిగించుకుంటాడట. గ్రాఫిక్స్ కార్డుకి ముప్ఫై వేలు, ప్రాసెసర్‌కి పద్దెనిమిది, రంగురంగుల లైట్లు వెలిగే కేబినెట్‌కి ఆరు. అన్నిటికన్నా అడుగున ఎస్ఎంపీఎస్, పన్నెండు వందలు. "ఇదేంట్రా?" అని ఫోన్ చేస్తే, "అది కరెంటు ఇచ్చే డబ్బానేగా మావయ్యా, దానివల్ల గేమ్ ఏమన్నా ఫాస్టవుతుందా?" అన్నాడు.

అవదు. చిక్కంతా అక్కడే. ఎంత డబ్బు పెట్టినా ఇదిగో ఫలితం అని కంటికి కనిపించని వస్తువు అది.

2006లో బందరులో మా నాన్నకి డిటిపి షాపు ఉండేది. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ పిల్లల రికార్డులు. విండోస్ 98, పేజ్‌మేకర్, అను ఫాంట్లు. ఆ కంప్యూటర్‌కి ఎస్ఎంపీఎస్ విడిగా కొన్నది కాదు, కేబినెట్‌తో పాటు వచ్చింది. ఉచితమే కదా అనుకున్నాం. షాపులో ఎర్తింగ్ సరిగ్గా లేక కేబినెట్‌కి చెయ్యి తగిలితే చురుక్కుమనేది. అందుకని నాన్న ఎప్పుడూ చెప్పులు వేసుకునే దాని ముందు కూర్చునేవాడు. అదీ మాకు మామూలైపోయింది.

ఆ ఎండాకాలం రిటైరైన తెలుగు మాస్టారొకాయన తన జ్ఞాపకాల పుస్తకం కంపోజింగ్‌కి ఇచ్చారు. అన్ని అధ్యాయాలూ గుండ్రటి అక్షరాలతో రాసి తెచ్చారు, చివరి రెండూ తప్ప. ఆ రెండూ 1977 నవంబరు 19 గురించి, దివిసీమ ఉప్పెన గురించి. "అది మాత్రం రాయలేకపోతున్నానోయ్. చెయ్యి సాగట్లేదు. నేను చెప్తా, నువ్వు కొట్టు" అన్నారు. నాలుగు సాయంత్రాలు నాన్న పక్కన స్టూలు వేసుకుని చెప్పారు. డిగ్రీ సెలవులకి వచ్చిన నేను ప్రింటర్‌లో కాగితాలు పెడుతూ కొంత విన్నాను. మధ్యమధ్య ఆయన ఆగిపోయేవారు. నాన్న కీబోర్డు మీంచి చేతులు తియ్యకుండా అలాగే కూర్చునేవాడు.

ఐదోరోజు కరెంటు పోయి వచ్చింది. ఠప్పుమని చప్పుడు, కాలిన వాసన. మెకానిక్ వచ్చి విప్పితే ఎస్ఎంపీఎస్‌లో కెపాసిటర్లు ఉబ్బి పగిలి ఉన్నాయి. అది ఒక్కటే పోయుంటే నాలుగైదు వందలతో సరిపోయేది. పోతూ పోతూ మదర్‌బోర్డునీ హార్డ్ డిస్కునీ వెంట తీసుకుపోయింది. ఫ్లాపీల్లోకి కాపీ ఎక్కించుకోకపోవడం మా తప్పే, దాన్ని ఆ డబ్బా మీదకి నెట్టను. రాతప్రతి ఉన్నవన్నీ నాన్న రాత్రుళ్ళు కూర్చుని మళ్ళీ కొట్టాడు. మిగతా రెండిటి సంగతి చెప్తే మాస్టారు "పోనీలేవోయ్" అన్నారు. ఇంకోసారి చెప్పమని అడగడానికి నాన్నకి నోరు రాలేదు. పుస్తకం ఆ రెండూ లేకుండానే వచ్చింది.

మంచి ఎస్ఎంపీఎస్ కూడా ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. ఎలా పోతుందన్నదే తేడా. వోల్టేజి హద్దు దాటినా, ఎక్కడన్నా షార్టయినా తన నుంచి బయటికి వెళ్ళే కరెంటుని అదే కట్ చేసుకునే ఏర్పాటు లోపల ఉండాలి. పోతే తనొక్కతే పోవాలి. చవకరకం వాటిలో ముందు ఎగ్గొట్టేది ఆ ఏర్పాటునే. ఫిల్టర్లు, హీట్ సింకులు కూడా తగ్గించేస్తారు కాబట్టి చేత్తో ఎత్తితే తేలిగ్గా ఉంటాయి.

వాడు ఎంచిన దాని లేబుల్ ఫోటో తెప్పించుకున్నాను. పెద్దక్షరాల్లో 500 వాట్లు. కింద చిన్నక్షరాల పట్టిక చదవమన్నాను. 12 వోల్టుల గడిలో 18 ఆంపియర్లు. హెచ్చిస్తే 216 వాట్లు. ఇప్పటి ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ దాదాపు మొత్తం ఆ గడిలోంచే తీసుకుంటాయి. మిగతా వాట్లు 5, 3.3 వోల్టుల గడుల్లో ఉంటాయి, వాటితో ఇప్పుడు పెద్దగా పనిలేదు. వీడి కార్డొక్కటే రెండువందలు తాగుతుంది, ఒక్కోసారి క్షణకాలం దానికి రెట్టింపు లాగుతుంది కూడా.

"అయితే 80 ప్లస్ బ్రాంజ్ అని ఉన్నది తీసుకుంటాలే" అన్నాడు. ఆ ముద్ర అబద్ధం కాదు. సగం లోడు మీద నడుస్తున్నప్పుడు, గోడలోంచి తీసుకున్న ప్రతి వంద వాట్లలో కనీసం 85 లోపలికి అందిస్తుందని, మిగతాదే వేడిగా పోతుందని దాని అర్థం. అంతవరకే. వోల్టేజి అదుపు తప్పిన రోజున ఏం చేస్తుందో అది చెప్పదు. పైగా ఆ పరీక్ష చేసేది 23 డిగ్రీల దగ్గర. మే నెలలో బందరు గదిలో కాదు. కెపాసిటర్ మీద 105 డిగ్రీలని ఉందా, 85 అని ఉందా అన్నది మనలాంటి ఊళ్ళవాళ్ళకి ఎక్కువ పనికొచ్చే సంగతి. అది తెలియాలంటే డబ్బా విప్పి పరీక్షించినవాళ్ళ రివ్యూలు చదవాలి. బ్రాండు పేరు చూసుకుని ఊరుకుంటే కుదరదు, ఒకే కంపెనీ మంచివీ అమ్ముతుంది, నాసివీ అమ్ముతుంది. అవేవీ చదివే ఓపిక లేకపోతే వారంటీ ఎన్నేళ్ళో చూడమంటాను. ఏడేళ్ళు, పదేళ్ళు ఇచ్చేవాడు తన సొంత డబ్బుతో పందెం కాస్తున్నట్టు.

సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. 650 వాట్లది, 12 వోల్టుల గడిలో 54 ఆంపియర్లు, ఏడేళ్ళ వారంటీ. ఆరున్నర వేలు. ఆ డబ్బు కోసం గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు దిగాల్సి వచ్చింది. "దీని బదులు పెద్ద కార్డు తీసుకోండి సార్, బాబు సంతోషిస్తాడు" అన్నాడు షాపతను. బాబు ఇంటికి వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

మా ఇంట్లోనే బిగించాం. నాన్న ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు, చూపు బాగా తగ్గింది. ఎస్ఎంపీఎస్‌ని రెండు చేతులతో ఎత్తి చూసి, "బరువుందిరా" అని మనవడికి ఇచ్చాడు. వైర్లన్నీ సర్దేసరికి రాత్రి పదకొండైంది. మా ఫ్లాట్‌లో ఎర్తింగ్ బాగానే ఉంది. "ఆన్ చేస్తున్నా తాతయ్యా" అని వాడు స్విచ్ మీద వేలు పెడితే, నాన్న "ఒక్క నిమిషం ఆగరా" అని గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని వచ్చి నిలబడ్డాడు.