కొత్త క్లచ్, పాత వదులు

కాకి వాలగానే తాటిపండు రాలితే, కాకే రాల్చిందనుకోవడం తేలిక. కారు రిపేరు దగ్గర మరీ తేలిక. గ్యారేజీ నుంచి బండి ఇంటికొచ్చాక వినిపించే ప్రతి చప్పుడూ మెకానిక్ ఖాతాలోకే పోతుంది.

మా అబ్బాయి రెండు వేసవులు లైఫ్‌గార్డుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 2001 నాటి మాజ్డా మియాటా కొనుక్కున్నాడు. ఇద్దరే కూర్చోగలిగే, పైకప్పు తెరుచుకునే చిన్న స్పోర్ట్స్ కారు. 1989లో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ మోడల్ బండ్లు 2016 నాటికి పది లక్షలు తయారయ్యాయి. మావాడిది వాడికంటే వయసులో పెద్దది. క్లచ్ జారుతోందని మా ఊళ్ళో ఒక చిన్న గ్యారేజీలో కొత్తది వేయించాడు. మర్నాటి నుంచే కొత్త గొడవ. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ నొక్కితే అడుగున ఎక్కడో దబ్బుమని చప్పుడు. గేర్ రాడ్ తనంతట తానే పక్కకి ఒరిగి మళ్ళీ వెనక్కి వస్తోంది.

వాడికి ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడే ఫోన్‌లో ఒక్క చుక్క రివ్యూ రాసేశాడు, పంపడమే తరువాయి. ఆ గ్యారేజీ ఒక్క మనిషి నడుపుకునేది. అలాంటివాళ్ళకి ఆ చుక్కలే అన్నం పెడతాయి. అలాగని ఆయన పని సరిగ్గా చెయ్యకపోతే ఊరుకోవడానికీ లేదు, ఆ కారులో తిరిగేది నా కొడుకు. "వారం ఆగు నాన్నా, అసలు కదులుతున్నదేమిటో ముందు తేల్చుకుందాం" అన్నాను.

నేను హాస్పిటల్ ల్యాబులో పనిచేస్తాను. లక్షణం వేరు, జబ్బు వేరు అన్నది మాకు రోజూ ఉండే పాఠం. జ్వరం జబ్బు పేరు కాదు. చప్పుడూ అంతే.

ముందు ఆ కారు కట్టుబడి అర్థం చేసుకున్నాం. ఇలా ఇంజిన్ ముందుండి వెనక చక్రాలు తిరిగే చాలా కార్లలో గేర్ బాక్స్ కింద ఒక అడ్డదూలం, దాని మీద రబ్బరు మౌంట్ ఉంటాయి. దీనిలో అవి లేవు. గేర్ బాక్స్ నుంచి వెనకున్న డిఫరెన్షియల్ దాకా పొడుగాటి అల్యూమినియం దూలం ఒకటి బిగించి ఉంటుంది. దాన్ని పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు. ఇంజిన్, గేర్ బాక్స్, దూలం, డిఫరెన్షియల్ అన్నీ కలిసి ఒకే ముక్కలా ముందు రెండు, వెనక రెండు రబ్బరు మౌంట్ల మీద నిలబడతాయి. క్లచ్ మార్చాలంటే గేర్ బాక్స్ దించాలి. గేర్ బాక్స్ దించాలంటే ఆ దూలం విప్పాలి. తిరిగి బిగించేటప్పుడు ఎత్తు కొలిచి సరిచూడాలి.

ఒక్కోదాన్నే విడిగా పరీక్షించాం. మొదట హుడ్ తెరిచి, వాడు బ్రేకులు గట్టిగా పట్టి, ఫస్ట్ గేరులో క్లచ్‌ని కొద్దిగా వదిలాడు. నేను ముందు కాకుండా పక్కన నిలబడి చూశాను. డ్రైవర్ వైపు ఇంజిన్ పైకి లేచింది. రివర్స్‌లో లేవలేదు. టార్చి వేసి చూస్తే ఆ వైపు మౌంట్‌లో రబ్బరు ఇనుము నుంచి ఊడిపోయి ఉంది. ఆ చీలికలో జిడ్డూ దుమ్మూ గట్టిగా పేరుకుని ఉన్నాయి. నాలుగు రోజుల కిందటి చీలిక అలా ఉండదు. పాత క్లచ్ జారిపోతూ ఉండడం వల్ల ఇంజిన్ బలం పూర్తిగా వెనక్కి అందేది కాదు, ఈ వదులు బయటపడలేదు. కొత్తది గట్టిగా పట్టేసరికి బయటపడింది.

"అయితే ఆయన తప్పేం లేదా అమ్మా?" అన్నాడు. ఇంకా తేలలేదన్నాను.

కారుని జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని చేత్తో తిప్పి చూశాం. కీళ్ళలో ఆట లేదు. తర్వాత ఆ దూలం రెండు చివర్లా, అతుకు మీదుగా తెల్ల పెయింట్ మార్కర్‌తో ఒక్కో గీత గీశాం. మా వీధుల్లోనే నెమ్మదిగా తిప్పి తెచ్చి, చల్లారాక మళ్ళీ చూశాం. వెనక గీత చెక్కుచెదరలేదు. గేర్ బాక్స్ దగ్గర గీత మాత్రం రెండు ముక్కలై, గోరు మందం పక్కకి జరిగింది. అక్కడి అతుకు జారుతోంది.

అంటే సగం పాత జబ్బు, సగం కొత్తది.

ఫోటోలు పట్టుకుని గ్యారేజీకి వెళ్ళాం. మాట్లాడడం వాడికే వదిలేశాను. మౌంట్ సంగతి ముందు చెప్పి, గీత సంగతి తర్వాత చెప్పాడు. ఆయన వాదించలేదు. ఫోటో పెద్దది చేసి చూసుకుని, కారు పైకెత్తి, దూలం వదులుచేసి, ఎత్తు కొలిచి, టార్క్ రెంచితో బిగించాడు. దానికి డబ్బు తీసుకోలేదు. మౌంట్లు ఆ రోజే మార్చేస్తానంటే వద్దన్నాం. రెండూ ఒకేసారి చేస్తే దేనివల్ల ఏం నయమైందో తెలియదు కదా! దూలం బిగిశాక చప్పుడు పోయింది, గేర్ రాడ్ ఒరగడం మిగిలింది. వారం తర్వాత మా డబ్బుతో ఇంజిన్ మౌంట్లు రెండూ మార్పించాం. అదీ తగ్గింది. మావాడు ఫోన్‌లో ఆ పాత రివ్యూ కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశాడు, ఆయన తప్పు ఎంతో, దాన్ని ఎలా దిద్దాడో సహా.

మీ ఇంట్లోనూ వయసు మళ్ళిన స్పోర్ట్స్ కారు ఉంటే, క్లచ్ పనికి ఇచ్చేముందే హుడ్ తెరిచి ఇంజిన్ ఎంత కదులుతోందో వీడియో తీసి పెట్టుకోండి. గేర్ రాడ్‌నీ తీయండి. తర్వాత వచ్చే చప్పుడు పాతదా, కొత్తదా అని ఎవరితోనూ గొంతు పెంచాల్సిన పని ఉండదు.