ఇద్దరూ ఒప్పుకుంటేనే టైపు

షెపర్డ్స్ బుష్ మార్కెట్టులో బెండకాయలు, అరటికాయలు, కందగడ్డలు చూసేసరికి లండన్‌లో ఉన్నానన్న సంగతి కాసేపు మరిచిపోయాను. వెంట వచ్చిన మా అక్క కొడుక్కి మాత్రం చిరాకు. "మామయ్యా, ఇంత దూరం వచ్చి కూరగాయల కొట్టు చూస్తానంటావేంటి?" అన్నాడు. నాకు కావలసింది కొట్టు కాదు, దాని పైఅంతస్తు. 1954 ప్రాంతంలో ఇక్కడే, అక్స్‌బ్రిడ్జ్ రోడ్డు మీద, ఓ కూరగాయల కొట్టు పైన గదులు అద్దెకు తీసుకుని నలుగురు హాస్య రచయితలు దుకాణం తెరిచారు. స్పైక్ మిలిగన్, ఎరిక్ సైక్స్, రే గాల్టన్, అలన్ సింప్సన్. పేరు అసోసియేటెడ్ లండన్ స్క్రిప్ట్స్. రచయితలే యజమానులుగా నడిచిన సంస్థ. మన దగ్గర అలాంటిది ఎందుకు పుట్టలేదో నాకిప్పటికీ అంతుపట్టదు.

నేను వెతుక్కుంటూ వచ్చింది ఆ నలుగురిలో చివరి ఇద్దరి కోసం. గాల్టన్, సింప్సన్ కలిసింది ఏ కాఫీ హోటల్లోనో కాదు, క్షయ ఆసుపత్రిలో. 1948లో సర్రీ జిల్లా మిల్‌ఫర్డ్ శానిటోరియంలో ఇద్దరూ రోగులు, ఇద్దరికీ ఇరవై నిండలేదు. మన మదనపల్లె ఆరోగ్యవరంలాగే అక్కడా మందుకన్నా మంచం, గాలి, ఓపిక ఎక్కువ. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం రేడియో వినడమే కాలక్షేపం. దుప్పట్లు దాచే చిన్న గదిని రోగులు రేడియో గదిగా మార్చుకుంటే, దానికి ఈ కుర్రాళ్ళిద్దరూ హాస్య నాటికలు రాయడం మొదలెట్టారు. ఆ రోజుల్లో ఫ్రాంక్ మ్యూర్, డెనిస్ నార్డెన్ జంట రాసే రేడియో కార్యక్రమం 'టేక్ ఇట్ ఫ్రమ్ హియర్' అంటే దేశమంతా చెవులు రిక్కించేది. రచయితలం కావాలంటే ఏం చేయాలని కుర్రాళ్ళు ఆ జంటకే ఉత్తరం రాశారు. రాసింది బీబీసీలో స్క్రిప్టులు చూసే ఆయనకు పంపించమని జవాబొచ్చింది. పంపించారు. పిలుపొచ్చింది.

1954 నవంబర్ 2న రేడియోలో వీళ్ళిద్దరూ రాసిన 'హాంకాక్స్ హాఫ్ అవర్' మొదలైంది. అంతకుముందు రేడియో హాస్యమంటే నాలుగు జోకులు, ఓ పాట, మళ్ళీ నాలుగు జోకులు, వారం వారం తప్పకుండా పలికే ఊతపదం. వీళ్ళు పాటలు తీసేశారు. జోకు కోసం జోకు వద్దన్నారు. టోనీ హాంకాక్ అనే నటుణ్ణి ఈస్ట్ చీమ్‌లో ఓ పాత ఇంట్లో కూర్చోబెట్టి, తానేదో గొప్పవాడినని నమ్మే సగటు మనిషిని చేసి, ఆ మనిషి మాట్లాడుతుంటే వినమన్నారు. 1959 దాకా రేడియోలోనే వందకు పైగా భాగాలు వచ్చాయి.

వాళ్ళు రాసే పద్ధతి గురించి చదివినప్పటి నుంచే నాకీ పిచ్చి పట్టింది. సింప్సన్ టైపు మిషన్ ముందు. గాల్టన్ నేల మీద పడుకునో, గదిలో పచార్లు చేస్తూనో. కథ ముందే అల్లుకోవడం లేదు. మొదటి పేజీలో మొదటి మాటతో మొదలుపెట్టి చివరిదాకా వెళ్ళడమే. ఒకరు ఓ మాట పైకి అంటారు. రెండోవాడు ఏమీ అనకపోతే ఆ మాట చచ్చిపోయినట్టే. వాదన లేదు, బతిమాలడం లేదు. ఇద్దరూ ఒప్పుకుంటే తప్ప అక్షరం కాగితమెక్కదు. గంటల తరబడి గదిలో చప్పుడే ఉండేది కాదట. రెండో వ్యక్తి ఉన్నది సగం పని పంచుకోవడానికి కాదు, నవ్వకుండా ఉండటానికి. మన మాటకు మనమే నవ్వుకోవడం అందరికీ వచ్చు. ఎదుటివాడి మొహం కదలకపోతే ఓర్చుకోవడం ఎంతమందికి వస్తుంది?

1958లో వచ్చిన 'సండే ఆఫ్టర్నూన్ ఎట్ హోమ్' అనే భాగం వింటే ఆ మౌనాలు ఎక్కడికి పోయాయో తెలుస్తుంది. వాన పడుతున్న ఆదివారం మధ్యాహ్నం. నలుగురు మనుషులు. చేయడానికి పనేమీ లేదు. ఆవలింతలు, నిట్టూర్పులు, మధ్యలో చప్పుడు లేని క్షణాలు. గోడకాగితం మీది పూల మధ్య హాంకాక్‌కు మొహాలు కనిపిస్తాయి. కథ అంతే! మన ఇళ్ళలో రేడియో రెండు క్షణాలు మూగబోతే ఎవరో ఒకరు లేచి దాని నెత్తిన ఒకటి మొట్టేవాళ్ళు. అలాంటి పెట్టెలో మౌనంతో నవ్వించాలంటే గుండె ధైర్యం కావాలి. ఒక్కడే కూర్చుని రాస్తే ఆ చోట్లను మాటలతో పూడ్చేసేవాడేమో.

ప్రతి భాగం చివరా ఈ ఇద్దరి పేర్లూ చదివేవాళ్ళు. మన దగ్గర అలా కాదు. హైదరాబాద్ ఆకాశవాణి కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం పాత్రలు మాట్లాడుకుంటుంటే మా వీధి వీధంతా వినేది. వాళ్ళకు ఆ మాటలు రాసిపెట్టిందెవరని మాలో ఒక్కరూ అడగలేదు. సినిమాకు వచ్చేసరికి మాత్రం పరుచూరి బ్రదర్స్ అని జంటగా పేరు పడితే ఎంత బరువో అందరికీ తెలిసింది.

సాయంత్రం బ్రాడ్‌కాస్టింగ్ హౌస్‌కు వెళ్ళాం. 1932లో కట్టిన బీబీసీ భవనం. లోపలి రేడియో థియేటర్‌లో హాస్య కార్యక్రమాల రికార్డింగులకు టికెట్లు ఉచితం, కాకపోతే సీట్లకన్నా టికెట్లు ఎక్కువ ఇస్తారు. ముందు వచ్చి వరసలో నిలబడాల్సిందే. మావాడు గొణుగుతూనే నిలబడ్డాడు.

వేదిక మీద తెరల్లేవు, వేషాల్లేవు. నిలువు మైకులు, వాటి ముందు మామూలు బట్టల్లో నటులు, చేతుల్లో విడివిడి కాగితాలు. పేజీ అయిపోగానే మైకుకు దూరంగా జరిపి, చప్పుడు కాకుండా కిందికి దించుతున్నారు. ఓ పక్కన చప్పుళ్ళ కోసం చట్రంలో బిగించిన తలుపు ఒకటుంది, గది లేదు. దానికి గడియ, తాళం, గంట అన్నీ ఉన్నాయి. పక్కన టీ కప్పులు. వాటి వెనక నిలబడ్డ అమ్మాయి కళ్ళు స్క్రిప్టు మీద, చెయ్యి తలుపు పిడి మీద.

ఓ నాటికలో తలుపు ఒక్క క్షణం ముందు తెరుచుకుంది. నవ్వు మొదలవుతూనే చప్పుడు కింద నలిగిపోయింది. ఆపారు. నిర్మాత గొంతు పైనుంచి వినిపించింది, మళ్ళీ చేద్దామని. ప్రేక్షకులను కూడా బతిమాలారు, మొదటిసారి విన్నట్టే నవ్వండని.

రాసినవాళ్ళు మా ముందు వరసలోనే ఉన్నారు, ఒకబ్బాయి, ఒకమ్మాయి. ఇద్దరి మధ్యా ఒకటే స్క్రిప్టు. విరామంలో పలకరిస్తే, పెద్ద నవ్వు తరవాత వచ్చే మాటను ఎప్పుడూ పోయినా ఫర్వాలేని పదంతో మొదలుపెడతామన్నారు. "చూడండి" లాంటిదన్నమాట. నవ్వులో అది మునిగిపోయినా అసలు మాట మిగులుతుంది. ఇద్దరికీ కుదరకపోతే ఏం చేస్తారని మావాడు అడిగాడు. "టీ పెడతాం. టీ కూడా కుదరకపోతే ఆ నాటిక పారేస్తాం" అంది ఆ అమ్మాయి.

ట్యూబ్ రైల్లో కూర్చున్నాక మావాడి అనుమానం బయటికొచ్చింది.

"మామయ్యా, ఆ తలుపుకు రెండోసారి నువ్వు నిజంగానే నవ్వావా, వాళ్ళడిగారని నవ్వావా?"

"నిజంగానేరా. మొదటిసారి నాకసలు అర్థమే కాలేదు."