కనకాంబరాల వెనక

మా చిన్నమ్మ నాతో అయిదు నెలలు మాట్లాడలేదు. కారణం ఒక పూల ఫోటో. అందులో ఆమె మొహం కూడా లేదు. ఎడమ చెయ్యి మాత్రమే ఉంది, అదీ మణికట్టు దాకా.

మాది ఆత్మకూరు. చిన్నమ్మ వాళ్ళది ఉదయగిరి కొండ కన్పించేంత దూరంలో ఒక పల్లె. చిన్నాయన పోయి అప్పటికి పదకొండేళ్ళు. బోరు కింద ఉన్న అరెకరంలో కనకాంబరాలు వేసి, పొద్దు పొడవకముందే కోసి, కట్టి, మూరల లెక్కన ఉదయగిరికి పంపిస్తుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆమె పూలు ఆత్మకూరు దాకా వస్తాయి. అన్ని మూరలు కట్టే మనిషి తలలో మాత్రం చిన్నాయన పోయినప్పట్నించీ పువ్వు లేదు. పెట్టుకోవద్దని ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. మన ఊళ్ళలో అది చెప్పాల్సిన పని ఎవరికీ పడదు.

నేను పీహెచ్‌డీ చేసింది ప్రబంధాల్లో స్త్రీ వర్ణన మీద. నాలుగేళ్ళు పూలతోనే గడిచిపోయాయి. ముక్కుకి సంపెంగ, పెదవికి మంకెన, కళ్ళకి కలువలు. ముక్కు మీద ఒక్క పద్యానికి నంది తిమ్మన గారు ముక్కు తిమ్మన అయిపోయారు. సిద్ధాంత వ్యాసం రాసేటప్పుడు తట్టని మాట ఒకటి కెమెరా పట్టుకున్నాక తట్టింది. ఆ కవులంతా క్రాప్ చేసినవాళ్ళే. ఆపాదమస్తక వర్ణన అంటాం గానీ మనిషి మొత్తంగా ఒక్కసారి కన్పించదు. ముక్కు ఒక ఫ్రేము, నడుము ఒక ఫ్రేము. వెనక ఇల్లుండదు, వాకిలుండదు, ఆ మనిషి పొద్దుట్నించీ ఏం చేసిందో ఉండదు. ఇంత తెలిసి కూడా నేను పూలకి చేసింది అదే పని.

వ్యాసం సమర్పించాక ఉద్యోగం రాని రెండేళ్ళు ఉన్నాయి. ట్యూషన్ల డబ్బుతో సెకండ్ హ్యాండ్ డిజిటల్ కెమెరా కొన్నాను. ఒంటరిగా కెమెరా భుజాన వేసుకుని తిరిగే ఆడపిల్లని మా వైపు నలుగురూ నాలుగు రకాలుగా అడుగుతారు. పూల ఫోటోలు అంటే మాత్రం "పాపం, పూలేలే" అని వదిలేస్తారు. పూలు ఎంచుకోవడానికి సగం కారణం అదే, దాచుకోవడం దేనికి?

మొదటి ఏడాది తీసినవన్నీ పాడయ్యాయి. మన కన్ను పువ్వుని చూసేటప్పుడు పువ్వునే చూస్తుంది. లెన్సుకి ఆ మర్యాద తెలీదు. దాని ముందున్నవన్నీ దానికి సమానమే. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకుంటే తంగేడు గుత్తి వెనక కరెంటు స్తంభం, గన్నేరు వెనక కొమ్మకి చిక్కుకున్న ప్లాస్టిక్ సంచి. నెమ్మదిగా తెలిసింది ఏమిటంటే, వెనక ఏముండాలో నిర్ణయించేది పువ్వు కాదు, నేను నిలబడ్డ చోటు. అరడుగు పక్కకి జరిగితే స్తంభం పోతుంది. తంగేడు పసుపు ఎండుగడ్డిలో కలిసిపోతుంది. అదే నేల మీద చతికిలపడి కిందనించి తీస్తే నీలాకాశం మీద తేరుకుని నిలబడుతుంది. మోదుగ ఆకు రాల్చుకుని పూస్తుంది కాబట్టి దానికి ఆకాశమే సరిపోతుంది, కానీ పొద్దున్నే తీయాలి, సూర్యుడు నా వీపు వైపు ఉండాలి. మధ్యాహ్నం ఎండకి తెల్లబారిన ఆకాశం ముందు అంత ఎర్రటి పువ్వూ నల్లటి మచ్చలా పడుతుంది. నందివర్ధనానికి వెనక నీడ కావాలి. ఆ నీడని చూసి కెమెరా భయపడి వెలుతురు పెంచేస్తుంది, రేకుల మీది సన్నటి గీతలన్నీ మాడిపోతాయి. ఎక్స్‌పోజర్ మనమే తగ్గించుకోవాలి. అపర్చర్ బాగా తెరిస్తే వెనకదంతా మసకబారుతుంది, నిజమే. కానీ పువ్వుకీ వెనకదానికీ మధ్య దూరం ఉంటేనే. గోడకి ఆనుకుని పూసిన చెట్టుకి ఎంత తెరిచినా గోడ గోడే.

ఈ తిప్పలన్నిటికీ విరుగుడుగా మా నాన్న నల్ల గొడుగు దొరికింది. విప్పి పువ్వు వెనక పెడితే చాలు, లోకమంతా మాయం. ఏ పువ్వు తీసినా నల్ల మఖమల్ మీద పెట్టిన నగలాగా వచ్చేది. ఆ గొడుగుతో ఏడాది ఊరేగాను. అందరూ మెచ్చుకున్నారు. ఒకరోజు వరసగా అన్నీ పెట్టుకుని చూస్తే, ఏది ఎక్కడ తీశానో నాకే గుర్తు రాలేదు. ఉదయగిరి ఉమ్మెత్తా, ఆత్మకూరు చెరువు కట్ట మీది జిల్లేడూ ఒకే బంగారుకొట్టు అద్దాల బీరువాలో ఉన్నట్టున్నాయి.

అప్పట్నించీ కొండని వెనక పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఉదయగిరి కొండ పొద్దున పూట నీలంగా, చదునుగా ఉంటుంది, పువ్వుతో పోటీ పడదు. ఆ కోట 1514లో గజపతుల చేతిలోంచి కృష్ణదేవరాయల చేతికి పోయింది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకుపోయి, గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేయించాడు. ఇప్పుడా విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. కొండ మాత్రం ఇక్కడే ఉంది, నా తంగేడు పూల వెనక.

నిలువా, అడ్డమా అన్నది ఇంకో తగువు. రేల గుత్తి వేలాడుతుంది, కెమెరా నిలువుగా తిప్పాల్సిందే. నేలని కరుచుకుని పాకే పల్లేరు పువ్వుకి అడ్డం. కనకాంబరం దగ్గర రెండూ ఇబ్బందే. వెన్ను నిటారుగా ఉంటుంది, పువ్వు మాత్రం రేకంతా ఒక్క వైపుకే విప్పుకుంటుంది, పక్కింటావిడ మాటలు వినడానికి తల తిప్పినట్టు. అది చూసే వైపు కాస్త ఖాళీ వదలాలి. లేకపోతే గోడకి మొహం పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. చెట్టు మీదున్నప్పుడు నిలువు, దండగా మారాక అడ్డం అని తేల్చుకున్నాను.

2019 ఫిబ్రవరిలో చిన్నమ్మ వాకిట్లో కూర్చుని పూలు కడుతుంటే అలాగే అడ్డంగా తీశాను. వెనక ముదురు నీలం నేత చీర. ఎడమ చేతి వేళ్ళ మధ్య నాలుగు పూలు, దారం, కింద ఒళ్ళో పోగుపడ్డ మూరలు. నారింజ రంగుకి నీలం ఎంత అందమో చెప్పలేను. ఇంటికొచ్చి ఏం చేశానంటే, చెయ్యి కత్తిరించేశాను. వేలి కొసలు పగిలి, ఆకు పసరుకి నల్లబడి ఉన్నాయి, పూల మెత్తదనానికి అడ్డమన్పించింది. దండా నీలమూ మాత్రం మిగిలాయి. చక్కటి బొమ్మ. మూడు నెలలు అదే నా కంప్యూటర్ తెర మీద ఉంది.

ఆ మధ్యే ఒక పాఠం కోసం రాక్స్‌బరో సంపుటాలు చూస్తున్నాను. విలియం రాక్స్‌బరో సామర్లకోటలో ఉండగా ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. 1795 నించి అవి కోరమాండల్ తీరపు మొక్కలు అన్న పేరుతో లండన్‌లో మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో అచ్చయ్యాయి. మన మోదుగ కూడా ఉంది అందులో. తెల్ల కాగితం మీద కొమ్మ, పువ్వు, పక్కనే విడదీసిన రేకులు. వృక్షశాస్త్రానికి అలాగే కావాలి, కాదనను. కానీ నేల లేదు, ఊరు లేదు. మొక్కకి తెలుగులో ఏమంటారో రాసుకున్నాడు గానీ, ఆ పేరు చెప్పిన నోరెవరిదో లేదు. గీసిన చేతుల పేర్లు లేవు. చదువుతూ చదువుతూ తెర మీది కనకాంబరాల దండ వైపు చూశాను. నా దండని కట్టిన చెయ్యి కూడా లేదు కదా.

అమెరికాలో ఇమోజెన్ కనింగ్‌హామ్ అన్న ఫోటోగ్రాఫర్ ముగ్గురు చిన్నపిల్లలతో ఇల్లు కదల్లేని 1920లలో పెరటి మొక్కల ఫోటోలు తీసుకుంది. 1925లో తీసిన ఆమె మాగ్నోలియా పువ్వు ఫ్రేమంతా నిండి ఉంటుంది. అంచుల్లో సందు లేదు. ఆ సందులేనితనం వెనక ఒక తల్లి దినచర్య ఉందని ఫోటో చెప్పదు, మనం తెలుసుకోవాలి. అది ఆమె తన ఇష్టంతో చేసిన క్రాపు. నేను చిన్నమ్మ చేతికి చేసింది ఆ కోవలోకి రాదు.

మన 'పుష్పవిలాపం' సంగతి కూడా చెప్పాలి. కరుణశ్రీ గారి పూలు ఏడుస్తాయి, ఘంటసాల గొంతులో విని చిన్నప్పుడు నేనూ ఏడ్చాను. పెద్దయ్యాక విన్నప్పుడు గుచ్చుకున్నది వేరు. అక్కడ నిష్ఠూరం దారం ముడేసే ఆడవాళ్ళ మీదకి పోతుంది. మా చిన్నమ్మ లాంటివాళ్ళకి మూరకి ఎంత గిట్టుబాటవుతుందో అడిగే పువ్వు తెలుగు సాహిత్యంలో నాకింకా కన్పించలేదు.

ఇంత జ్ఞానోదయం అయ్యాక ఊరుకుంటానా? కత్తిరించకుండా దాచిన అసలు ఫోటో బయటికి తీశాను. సెప్టెంబరులో ఒక సదస్సులో 'పువ్వు వెనక శ్రమ' అని పత్రం చదివి, ఆ ఫోటో తెర మీద వేశాను. చప్పట్లు. నిర్వాహకులు అడిగితే కరపత్రానికీ ఇచ్చాను. అది వాట్సాప్‌లో తిరిగి తిరిగి చిన్నమ్మ కొడుకు ఫోన్లోకి చేరింది.

మర్నాడు ఫోనొచ్చింది. "ఏందమ్మే, నా చెయ్యి ఊరంతా తిప్పతండావంట?"

శ్రమ, గౌరవం అంటూ ఏదో మొదలుపెట్టాను. మధ్యలోనే ఆపింది. "గాజుల్లేని చెయ్యి. మోడు చెయ్యి. కనకాంబరాల పక్కన దాన్ని పెట్టి పదిమందికి చూపిస్తావా? తీసేటప్పుడు పూలకి తీస్తా అంటివే గానీ చెయ్యికని చెప్పినావా? నన్నొక మాట అడిగినావా?" అని ఫోన్ పెట్టేసింది.

నాకు కోపమొచ్చింది ముందు. గాజుల్లేకపోవడాన్ని సిగ్గుగా నేర్పిన లోకం మీద మాట్లాడాల్సింది పోయి నా మీద విరుచుకుపడుతుందేమిటని. తర్వాత వారం రోజులు ఆ ఫోటోని చూస్తే నాకు కొత్తగా కన్పించింది. నేను వేలి పగుళ్ళు చూశాను, ఆమె మణికట్టు చూసింది. ఆ ఖాళీ నాకు కన్పించనే లేదు. కత్తిరించినప్పుడూ అడగలేదు, కలిపినప్పుడూ అడగలేదు. రెండుసార్లూ మౌసు నా చేతిలోనే ఉంది.

ఆ డిసెంబరు, జనవరి నెలల్లో పొగాకు చేలకి పోయాను. మర్రిపాడు మండలంలో డి.సి.పల్లి, అటు కలిగిరి, రెండు చోట్లా పొగాకు వేలం కేంద్రాలున్నాయి. ఈ మెట్టలో పొగాకు తెలియని ఇల్లు తక్కువ. పొగాకు పువ్వు లేత గులాబీ రంగులో, సన్నటి బాకాలా చాలా బాగుంటుంది. ఎవరూ తలలో పెట్టుకోరు, దేవుడికి పెట్టరు. పూత కన్పించగానే తలలు తుంచేస్తారు, బలమంతా ఆకుకి పోవాలి కదా. సాళ్ళలో ఆడవాళ్ళు తుంచుకుంటూ పోతుంటే వెనక పూల తలలు మట్టిలో పడి ఉంటాయి. నేలే బ్యాక్‌గ్రౌండు, ఎంచుకోవడానికేమీ లేదు. జిగురంటి నల్లబడ్డ చేతుల్ని కూడా తియ్యాలనుంది. ఈసారి అడిగాను. ఒకామె సరేనంది. ఒకామె కొంగు లాక్కుని, పువ్వుకి మాత్రం తీసుకోమంది. పెద్దావిడ ఒకామె నవ్వి, "చేతులెందుకు పాపా, మొగం తియ్యి. చేతులు చూసి నేనని ఎవురు కనుక్కుంటారు?" అంది. తుంచిన పూలగుత్తి ఒకటి చేతికి తీసుకుని మొహం పక్కన పెట్టుకుంది. నిలువుగా తీశాను. నా సిద్ధాంతాల్లో ఏదీ సరిపోని ఫోటో అది, మా ఇద్దరికీ నచ్చింది.

ఫిబ్రవరిలో చిన్నమ్మ మనవరాలికి చెవులు కుట్టిస్తుంటే పోయాను. పిలిచింది మరిది కొడుకు, ఆమె కాదు. భోజనాలయ్యాక తోటలో ఒక్కతే ఉందని తెలిసి వెళ్ళాను. తప్పు నాదే చిన్నమ్మా, అన్నాను. ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "ఏదీ, ఆ ఫోన్ ఇటియ్యి" అంది. ఎక్కడ నొక్కాలో చూపించాను.

కనకాంబరం చెట్లలోకి పోయి, ఒక వెన్ను ముందు నిలబడి, ఫోన్ కొద్దిగా వంకరగా పట్టుకుని నొక్కింది. తెచ్చి చూపించింది. పువ్వు ఎడమ అంచుకి పోయి, దాని చూపు వైపు ఖాళీ లేదు. కుడి సగమంతా బోరు మోటారు స్టార్టరు పెట్టె, తుప్పు పట్టిన మూత, వేలాడే వైర్లు. కింద మూల ఆమె బొటనవేలు మసగ్గా. నేనైతే ఆ పెట్టె తప్పించడానికి నాలుగడుగులు జరిగేదాన్ని.

"ఆ పెట్టె ఎందుకు చిన్నమ్మా పూల పక్కన?"

"మూడు వేల అప్పు తెచ్చి మొన్ననే బాగు చేయించినా దాన్ని. అది లేకపోతే పూలు యాడియి?" అంది. మళ్ళీ తనే ఫోన్ దగ్గరికి తీసుకుని చూసి, "ఈ వేలు మాత్రం తీసెయ్యి" అంది.

కింద రెండు గీతలంత కత్తిరించి చూపించాను. ఇంకొంచెం అంది. ఇంకొంచెం కత్తిరించాను. స్టార్టరు మూత కొస పోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది.