తుప్పూ, ఉత్సాహమూ

పాత వస్తువుకి శత్రువులిద్దరు. ఒకటి తుప్పు, రెండోది ఉత్సాహం. తుప్పుకి నూరేళ్లు పట్టే పనిని ఉత్సాహం ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ముగించేస్తుంది.

ఈ ధర్మసూక్ష్మం నాకు ఒక రివాల్వరు వల్ల బోధపడింది. మా కాపురం అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. ఇక్కడ కాగితం మీద గుండ్రాలు గీసి వాటిని గురిచూసి కొట్టడం చదరంగంలాగా ఒక ఆట. దానికి క్లబ్బులున్నాయి, వాటిలో నాలాంటి రిటైరైనవాళ్లున్నారు. అందరూ తళతళలాడే కొత్తవి కొనుక్కుంటే, నేను బ్రిటిషు సైన్యం ఎప్పుడో వదిలించుకున్న వెబ్లీ మార్క్ 6 కొని తెచ్చాను. మా ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "దీనికన్నా మన అప్పడాల కర్ర నయం కదండీ!" అంది.

ఆ మాటా నిజమే. కిలోకి పైచిలుకు బరువు, ఆరంగుళాల గొట్టం. నల్లరంగు సగానికి సగం పోయింది. ఈ మోడలు 1915లో కొలువులో చేరింది. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ వారి తయారీ. నా దాని పక్కన 1917 అని అచ్చుంది. బొటనవేలితో మీట నొక్కితే గొట్టం నడుం దగ్గర కిందికి వంగుతుంది, పేలిన ఆరు తొడుగులూ ఒక్కసారే బయటికొస్తాయి.

పైకి కనిపించే ముసలితనం కంటే లోపల జరిగిన శస్త్రచికిత్స ముఖ్యం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఇవి అమెరికా అంగళ్లకి వచ్చిపడ్డాయి. వీటి సొంత .455 తూటా ఇక్కడ అరుదు, .45 ఏసీపీ తూటా కావలసినంత. అందుకని వ్యాపారులు చాలావాటికి సిలిండరు వెనకభాగం కాస్త అరగదీసి, అర్ధచంద్రాకారపు రేకు క్లిప్పులతో ఆ తూటాలు పట్టేలా చేసి అమ్మారు. నాదీ ఆ కోవలోదే.

అయితే పట్టడం వేరు, పడడం వేరు. అంగట్లో దొరికే ఆ తూటా పుట్టించే ఒత్తిడి ఈ ముసలిప్రాణానికి నిర్ణయించిన దానికన్నా ఎక్కువ. పెళ్లిభోజనం విస్తట్లో పడుతుంది, కడుపుకి పడొద్దూ? అందుకే దీనికి మందు తగ్గించి, మెత్తటి సీసపు గుండుతో విడిగా కట్టిన పత్యపు తూటాలే వేయాలి.

తుపాకులు బాగుచేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ముందు తెరిచి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, "ఆరోగ్యం ముందు, అందం తర్వాత" అన్నాడు. ట్రిగ్గరు నొక్కిపట్టి, ప్రతి గదీ గొట్టానికి సూటిగా వచ్చి కదలకుండా నిలుస్తోందా అని ఆరింటినీ పరీక్షించాడు. మూతపడే గొళ్లెం వదులుగా ఉందేమో కదిపి చూశాడు. లోపల ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉన్న స్ప్రింగుకి చీలిక కనబడితే మార్చాడు. గొట్టంలో కంచు బ్రష్షు ఆడిస్తే ఏళ్లనాటి మసి ఊడివచ్చింది.

ఇక అందం వంతు. ఒక షాపువాడు చక్రం మీద మెరుగుపెట్టి, కొత్తగా నల్లరంగు ఎక్కించి, అద్దంలా చేసిస్తానన్నాడు. మనసు లాగింది. మా ఆవిడే అడ్డుపడింది. "మా అమ్మమ్మ ఇత్తడి బిందె మీద తాతయ్య పేరు చెక్కించారు. చింతపండు పెట్టి తోమీ తోమీ ఇప్పుడది బంగారంలా మెరుస్తోంది. పేరు మాత్రం లేదు."

నాకు మళ్లీ చెప్పనక్కర్లేకపోయింది. చక్రం కింద పెడితే ముందు పోయేవి అంచులు, తర్వాత ముద్రలు: ఆ 1917, బ్రిటిషు సర్కారు బాణం గుర్తు. పిడి మీద గళ్లు ఒకవైపే నున్నగా అరిగి ఉన్నాయి. అది ఎవరి అరచెయ్యో, ఆ చెయ్యి ఇంటికి తిరిగివెళ్లిందో లేదో! దాన్ని చెరపడానికి నేనెవర్ని? నూనెలో తడిపిన మెత్తటి స్టీల్ ఊల్‌తో పైతుప్పు మాత్రం తుడిచాను. గొట్టం కొసన గురిచూసే పలక మరతో బిగించింది కనుక, ఎత్తు సరిపడేది వేరే వేయించి పాతదాన్ని డబ్బాలో దాచాను. రేపు ఎవరైనా కావాలంటే మళ్లీ బిగించుకోవచ్చు.

ఇప్పుడది ఇరవై అయిదు గజాల దూరంలో నల్లగుండ్రంలోనే కొడుతోంది. పక్కన కొత్త పిస్తోళ్ల వాళ్లు నవ్వడం మానేశారు. మనిషి మీదికి ఎక్కుపెట్టడానికి పుట్టిన వస్తువు, నూరేళ్లు దాటాక కాగితానికి చిల్లులు పెట్టుకుంటూ కాలక్షేపం చేస్తోంది. ఉద్యోగం చేసినవాళ్లందరికీ ఇంత గౌరవమైన రిటైర్మెంటు దొరుకుతుందా చెప్పండి!