టెక్సాస్ అటకలో అల్యూమినియం పరదా

డల్లాస్‌కి ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో మా పిన్ని కొడుకు ఇల్లు ఉంది. ఆగస్టు నెల. ఉదయం ఏడింటికే పనివాళ్ల వ్యాన్ వచ్చి వాకిట్లో ఆగింది. నలుగురు దిగారు. మోకాళ్లకు మెత్తలు, నుదుటికి లైట్లు, ముక్కుకు మాస్కులు, భుజాల మీద నాలుగడుగుల వెడల్పున్న అల్యూమినియం ఫాయిల్ చుట్టలు. పదకొండు దాటితే పైన మనిషి ఉండలేడని, అందుకే పొద్దున్నే మొదలుపెడతామని మేస్త్రీ చెప్పాడు.

అక్కడి ఇళ్లు చాలామటుకు ఒకే తీరు. చెక్క చట్రం, ఏటవాలు కప్పు, దాని మీద తారు షింగిల్స్. కప్పుకీ గదుల సీలింగ్‌కీ మధ్య ఉన్న ఖాళీయే అటక. మన పెంకుటిళ్లలో అటకెక్కించిన ఇత్తడి గంగాళాల్లా అక్కడ ఖాళీ సూట్‌కేసులు, పండగ సామాను ఉంటాయి. వాటితోపాటు ఏసీ చల్లగాలిని గదులకు చేరవేసే గొట్టాలు కూడా చాలా ఇళ్లలో అక్కడినుంచే వెళ్తాయి. అంటే ఇంటి మొత్తమ్మీద ఎక్కువ కాలిపోయే చోటు గుండానే చల్లగాలి ప్రయాణం. మేడ మీద పిల్లాడి గదిలో ఏసీ రాత్రీపగలూ తిరుగుతున్నా ఉక్క పోవడం లేదంటే అదో కారణం. ఆ కప్పు సెగకు అడ్డంగా కట్టించడానికే ఈ ఫాయిల్ పరదా.

నడవా సీలింగ్‌లోంచి మడత నిచ్చెన దించారు. "అన్నయ్యా, దూలాల మీదే కాలు పెట్టు. మధ్యలో ఉన్నది ఉత్త జిప్సం బోర్డు, బరువు ఆగదు" అని తమ్ముడు ముందే హెచ్చరించాడు. పైన మోకాలి లోతు ఫైబర్‌గ్లాస్ పీచు పరిచి ఉంది. పనివాళ్లు పలక చెక్కలు వేసుకుని వాటి మీద కూర్చుని, వాలుగా దిగిన కప్పు దూలాల అడుగు అంచులకు ఫాయిల్ పరుస్తూ స్టేపుల్ గన్‌తో బిగిస్తున్నారు. ఫాయిల్‌ని చేత్తో పట్టుకుని లైటుకి అడ్డం పెట్టి చూశాను. సూది మొనంత చిల్లులు వరసగా ఉన్నాయి. తేమ అక్కడే ఆగిపోయి చెక్క కుళ్లకుండా ఆ చిల్లుల్లోంచి పోతుందట. కప్పు శిఖరం దగ్గరా, చూరు దగ్గరా కొన్ని అంగుళాలు వదిలేశారు. చూరు కింది రంధ్రాల్లోంచి వచ్చిన గాలి, కప్పుకీ ఫాయిల్‌కీ నడుమ వేడెక్కి, శిఖరం మీది సందులోంచి బయటికి పోవాలి కదా.

పదిన్నర దాటేసరికి సగం అటక పూర్తయింది. మేస్త్రీ నన్ను ఇంకా ఫాయిల్ వేయని తూర్పు వాలు కింద నిలబెట్టి, మొహం పైకెత్తమన్నాడు. నుదురూ బుగ్గలూ చురచుర కాలాయి. రెండడుగులు పక్కకి జరిగి ఫాయిల్ కిందికొచ్చాను. చుట్టూ గాలి అదే, చెమట అదే, కానీ మొహాన్ని కాల్చే ఆ సెగ లేదు. పొయ్యి ముందు కూర్చున్న మనిషికి అడ్డంగా పళ్లెం పెడితే ఎలా ఉంటుందో అలా ఉంది.

తర్వాత అతను వేడి కొలిచే గన్ తీశాడు. ఫాయిల్ వేయని కప్పు చెక్క మీద గురిపెడితే 54 డిగ్రీల సెల్సియస్. మధ్యాహ్నం మూడింటికి ఇది అరవై దాటుతుందన్నాడు. ఫాయిల్ మీద గురిపెడితే బాగా తక్కువ అంకె కనిపించింది. దాన్ని నమ్మొద్దని చెప్పి, ఫాయిల్‌కి నల్ల టేపు ముక్క అంటించి మళ్లీ కొలిచాడు. ఈసారి 43 చూపించింది. ఆ గన్ కొలిచేది వస్తువు వెదజల్లే కిరణాలను. మెరిసే అల్యూమినియం వేడెక్కినా కిరణాలను దాదాపుగా బయటికి వదలదు, అందుకే గన్ బోల్తా పడింది. టేపు మాత్రం తనకు అంటిన వేడినంతా చూపించేసింది.

ఈ పరదా రహస్యమంతా ఆ టేపు ముక్కలో ఉంది. వేడి మూడు దారుల్లో నడుస్తుంది: తగిలిన వస్తువు ద్వారా, కదిలే గాలి ద్వారా, కిరణాల ద్వారా. వేడిగాలి పైకే పోతుంది కాబట్టి ఎండాకాలం కప్పు నుంచి కిందికి దిగే వేడిలో పెద్ద వాటా కిరణాలదే. చెక్క, సిమెంటు, పెంకు వంటివి వేడెక్కితే తమకు సాధ్యమైనంతలో నూటికి తొంభై వంతుల దాకా కిరణాలు వెదజల్లుతాయి. శుభ్రమైన అల్యూమినియం ఫాయిల్ సుమారు అయిదు వంతులే వెదజల్లి, తన మీద పడ్డవాటిలో మిగతా తొంభై అయిదూ తిప్పికొడుతుంది. మందంతో పనిలేదు, పైపొర చాలు. అయితే మెరిసే ముఖం ముందు ఖాళీ ఉండి తీరాలి. రెండు పలకల మధ్య సందు లేకుండా ఇరికిస్తే అది ఉత్త లోహపు రేకే, వేడిని ఇటునుంచి అటు దాటిస్తుంది. నేల మీద పరిచినా ముఖం పైకి పెట్టినందుకు దుమ్ము పట్టి, కొన్నాళ్లకు గుణం తగ్గిపోతుంది. కప్పు దూలాలకు కట్టమనేది అందుకే.

ఈ సూత్రం ఒకప్పుడు ముగ్గురు వ్యోమగాములను కాచింది. 1973 మే 14న స్కైలాబ్ అంతరిక్ష కేంద్రం పైకి వెళ్తుండగా దాని రక్షణ కవచం ఊడిపోయింది. లోపల ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటింది. ఇదే టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో జాక్ కింజ్లర్ అనే నాసా నిపుణుడు, చేపల గాలపు కర్రల నమూనాతో ఒక గొడుగు తయారుచేశాడు. నైలాన్, మైలార్, అల్యూమినియం పొరల ఆ గొడుగుని వ్యోమగాములు మే 26న విప్పారు. కేంద్రం చల్లబడి నివాసయోగ్యమైంది.

ఇంత చెప్పాక హద్దులు కూడా చెప్పాలి. ఎండ దండిగా కాసే ప్రాంతాల్లో ఇల్లు చల్లబరిచే ఖర్చు 5 నుంచి 10 శాతం తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ అంటుంది. సగానికి సగం బిల్లు తగ్గుతుందని చెప్పే అమ్మకందారుని గడప ఎక్కనివ్వకూడదు. చలి ఎక్కువున్న రాష్ట్రాల్లో మందమైన ఇన్సులేషనే ముందు. ఇంకొకటి ప్రాణాలతో ముడిపడిన విషయం. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ ఇన్సులేషన్ పథకం కింద 2009 అక్టోబరు నుంచి 2010 ఫిబ్రవరి లోపల నలుగురు యువ కార్మికులు చనిపోయారు. ముగ్గురు కరెంటు షాక్‌కి, ఒకరు వడదెబ్బకి. ఆ తర్వాత ఆ పథకంలో ఫాయిల్ వాడకం ఆపేశారు. లోహపు స్టేపుల్ కరెంటు తీగలో దిగిందంటే ఫాయిల్ అంతా కరెంటే. ఫ్రిస్కోలో మేస్త్రీ పైకెక్కే ముందు మెయిన్ స్విచ్ ఆపడం, పదకొండింటికి ఖచ్చితంగా మనుషుల్ని దించేయడం చూసి నాకు అతని మీద గౌరవం కలిగింది.

ఆ అటకలో నిలబడ్డంతసేపూ నా మనసు మన రేకుల ఇళ్ల మీదే ఉంది. అక్కడ అటకా, దాని కింద మోకాలి లోతు పీచూ, దాని కింద ఏసీ ఉన్నాయి. మన రేకుల ఇంట్లో మంచానికీ కాలే రేకుకీ మధ్య ఏమీ ఉండదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా పోయారు. 2017లో హైదరాబాద్ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద ఎండని తిప్పికొట్టే తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం తెచ్చి, 300 చదరపు కిలోమీటర్ల కప్పులను లక్ష్యంగా పెట్టుకుంది.

డాబా ఇంటికి పైన తెల్లపూతే మందు. స్లాబు కింద ఖాళీ లేనప్పుడు ఫాయిల్‌తో ఒరిగేది తక్కువ. రేకుల ఇంటికి మాత్రం రెండూ పనికొస్తాయి: పైన సున్నమో తెల్లపూతో, లోపల రేకుకి కొన్ని అంగుళాల కిందుగా, రెండు చివరలా గాలి ఆడేలా కట్టిన ఫాయిల్. కట్టెల పొయ్యి ఉన్న గదిలో ప్లాస్టిక్ పొరలున్న చౌక రకం వాడకూడదు, మంట అంటుకుంటుంది. వైరింగ్ సరిచూశాకే పైకెక్కాలి. మన కోళ్లఫారాల వాళ్లు కోళ్లు చావకుండా షెడ్ల మీద గడ్డి కప్పి నీళ్లు చల్లుతారు. ఆ శ్రద్ధ రేకుల కింద పాఠాలు వినే పిల్లలకూ, మరమగ్గాల షెడ్లలో పగలంతా నిలబడే కార్మికులకూ దక్కాలి. చల్లని కప్పుల విధానం అమలు చేసే అధికారులు పై పూతతో ఆగకుండా, రేకుల కప్పు లోపలి వైపు కూడా లెక్కలోకి తీసుకుంటే, ఏసీ కొనలేని ఇంటికి మేలు ముందుగా అందుతుంది.