గడ్డి లెక్క

2024 నవంబర్ 9, శనివారం. గండికోట

సెలవు జనమంతా గండి అంచుకే పోతున్నారు. పెన్నాను ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతున్నారు. నేను కోటగోడ బయట కంపల్లోకి దిగాను. ఈ ఎర్రమల గుట్టల మీద అడవంటే బలుసు, కలివి, చండ్ర, మోకాలెత్తు బోద. అడవి చూడాలని వచ్చినవాళ్లకు ఇది అడవిలాగే కనబడదు.

మేకల తాత ఒకాయన దోటితో చండ్రకొమ్మ వంచి, రెమ్మను సగానికి విరిచి వేలాడదీశాడు. తెంచలేదు. అడిగితే, "తెంపితే మళ్లొచ్చేతలికి ఏముంటాది సార్?" అన్నాడు.

గండికోట జలాశయం 26.85 టీఎంసీలది. తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు మునిగాయి, వాటి మేతబీళ్లూ మునిగాయి. ఇంటికి, పొలానికి పరిహారం లెక్క కట్టొచ్చు. ఊరందరి మేతబీడుకు పట్టా ఎవరి పేరున ఉంటుంది?

నవంబర్ 10, ఆదివారం

రాత్రంతా కలివికోడి గురించే ఆలోచన. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పిట్ట 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే దొరికింది, అదీ స్థానిక వేటగాడి సాయంతో. దానికోసం లంకమల అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం దాని నెలవులోకి వస్తే గొడవై, చివరికి కాలువే దారి మార్చుకుంది.

నన్ను పట్టుకున్న సంగతి వేరే. ఆ పిట్టకు పొదలూ కావాలి, పొదల మధ్య ఖాళీ నేలా కావాలి. మందలు మితిమీరితే పొదలు పోతాయి. మేతే లేకుంటే సందులు పూడిపోతాయి. అంటే మేకల తాతలాంటివాళ్లను పూర్తిగా తరిమేసినా పిట్టకు చేటే. మనిషి కాలు పెట్టనిదే అడవి అని ఎవరు చెప్పారో గాని, ఈ మెట్టనేల చూసి చెప్పలేదు.

నవంబర్ 17

కల్పవల్లి నుంచి మిత్రుడి ఫోను. చెన్నేకొత్తపల్లి వైపు ముష్టికోవెల గుట్టల్లో టింబక్టు కలెక్టివ్ తోడుగా ఊళ్లవాళ్లు 1990ల నుంచి కాపాడుకున్న అడవి అది. వాళ్లు నాటింది తక్కువ, కాపాడింది ఎక్కువ. ఎండాకాలం రాకముందే మంట పాకకుండా అగ్గిగీతలు కొట్టడం, కాపలా మనుషులను పెట్టుకోవడం. గడ్డి పెరిగింది, వంకల వెంబడి ఈతచెట్లు లేచాయి. పక్క ఊళ్ల మందలకూ మేత దొరికింది.

రికార్డుల్లో మాత్రం అది బంజరు. బంజరు కాబట్టే గాలిమరలు, వాటికి రోడ్లు వచ్చాయి. ఊళ్లవాళ్లు హరిత ట్రిబ్యునల్ దాకా పోవలసి వచ్చింది. చెట్లు లెక్కపెట్టేవాడికి గడ్డి కనబడదు. నా కోపమంతా అక్కడే.

నవంబర్ 24, ఆదివారం

కోట దగ్గర వెయ్యి మొక్కలు నాటుతారట, నన్ను మాట్లాడమన్నారు. వస్తానన్నాను. గుంతలు తవ్వొద్దని, ఆ డబ్బుతో ఫిబ్రవరిలోపు అగ్గిగీత కొట్టిద్దామని చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. బ్యానరు అప్పటికే అచ్చయిందట.

సాయంత్రం మేకల తాతకు ఇదంతా చెప్పి, గీత కొట్టడానికి వస్తావా అన్నాను. "వస్తా. కూలెంతిస్తారు?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. రేపు మొక్కలు నాటేవాళ్లకు ఫోను చేసి ముందు ఇదే అడగాలి.